పరీక్ష చెయ్యని గిన్నె

నమోదు 1

పాలకేంద్రం, దిగువూరు. మాట్లాడేది వజ్రమ్మ.

ఇకమీదట పాలకేంద్రం నడిపేవాళ్ళు రోజూ గోడకి బిగించిన ఈ చెవిలో ఆ రోజు సంగతులు చెప్పాలిట. భద్రతా పరిషత్తు వారి కొత్త నిబంధన. బిగించడానికి వచ్చినాయన్ని "ఎవరు వింటారయ్యా ఇదంతా?" అని అడిగాను. "ఎవరూ వినరమ్మా, లోపల నిల్వ ఉంటుంది అంతే" అన్నాడు. ఎవరూ విననిదానికి నేను గొంతు చించుకోవడం దేనికి? అయినా సరే, పాలకేంద్రం వెనకగదే నా ఇల్లు, అందులో మాట్లాడే దిక్కు ఎలాగూ లేదు. గోడతో అయినా మాట్లాడతా.

పాలు ఊరే తొట్టెలు మూడూ బాగానే ఉన్నాయి. రెండోదాంట్లో పాలు పలచన. పొద్దున్న పాలకొచ్చిన ప్రతివాళ్ళూ "తలుపు భద్రం" అనడం, నేను "భద్రం, భద్రం" అనడం. నమస్కారానికి బదులు ఇదొకటి పెట్టారు కదా. నోరు నొప్పి పుడుతోంది.

ఆ తలుపు గొడవ కూడా చెప్తా, కడుపుబ్బరం తగ్గుతుంది. మంచుగని ఎగువూళ్ళో ఉంది. అక్కడ కరిగిన నీళ్ళే గొట్టంలో మాకొస్తాయి. నా చిన్నప్పుడు రెండూ ఒకటే ఊరు. పైన పీల్చడానికి గాలి లేని ఈ ఎర్రనేల కింద, ఒకటే గుహలో, ఒకటే గాలి పీల్చుకుంటూ బతికాం. మాటా మాటా పెరిగి రెండు దేశాలయ్యాయి. దేశమంటే ఏముంది, ఈ చివర్నించి కేకేస్తే ఆ చివర వినపడేది, మధ్యలో తలుపులు లేకపోతే. పోయినేడు గాలి బయటికి పోయి ఎగువూళ్ళో ఇద్దరు చనిపోయారు. అప్పట్నించీ వాళ్ళు తమవైపు తలుపు దళసరి చేసుకుంటున్నారు. మా లౌడుస్పీకరేమో "తలుపు దళసరి చేసేవాడు లోపల ఏదో చెయ్యబోతున్నాడు, అప్రమత్తం!" అంటుంది. దాంతో మావాళ్ళు మా తలుపు ఇంకా దళసరి చేశారు. అది చూసి వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. ఇనుమంతా తలుపులకే సరిపోతోంది. మూడో తొట్టెకి మూత కావాలని నేను అడిగితే ఇనుము లేదన్నారు. ఇదీ సంగతి.

నమోదు 4

ఇవాళ సంతరోజు. రెండు తలుపుల మధ్యనున్న నడిమిగది వారానికోసారి తెరుస్తారు. మధ్యలో నడుమెత్తు అరుగు. అటు వాళ్ళు, ఇటు మేము. ఏ సరుకు చేతులు మారాలన్నా పరీక్షపెట్టెలో పెట్టి తియ్యాలి. గింజలు, మందులు, ఆఖరికి పిల్లల లాగులు కూడా. ఒక్క తోడు గిన్నెకి మాత్రం పరీక్ష లేదు. ఆ పెట్టెలో కిరణాలు పడితే తోడు చచ్చి ఊరుకుంటుంది, ఆ పెరుగు వేస్తే పాలు తోడుకోవు. అందుకని ఊరు విడిపోయిన ఒప్పందంలోనే రాయించారు మా అమ్మలు. మగాళ్ళంతా మంచు గురించి కొట్టుకుంటుంటే వీళ్ళు వెళ్ళి మధ్యలో కూర్చున్నారట, ఇది రాస్తేగానీ లేవమని.

మరి రాయించరూ! ఇక్కడ పుట్టిన పిల్లలకి మట్టి తెలీదు, ఆవు తెలీదు. పెరుగు లేకపోతే ఈ తొట్టి తిండి ఒక్క ముద్ద ఒంటికి పట్టదు. అందుకే ఎవరింట్లో తోడు పాడైనా పక్కవాళ్ళు ఇచ్చి తీరాలి. అడిగితే లేదనేది లేదు. ఇంకో పద్ధతి కూడా ఉంది, దీన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు. వచ్చిన గిన్నెని ఉత్తిగా తిప్పి పంపకూడదు. ఏదో ఒకటి, చిటికెడు ఉప్పయినా వేసి పంపాలి.

అటువైపు పాలకేంద్రం నాంచారమ్మది. నాకు వదిన. చుట్టరికమేం లేదు. చిన్నప్పుడు పక్కపక్క వాకిళ్ళు, నేను దాని జడ లాగితే అది నా జడ లాగేది, అలా వదినలమయ్యాం. సంతరోజు మా ఇద్దరి నోళ్ళూ మూయించడం కాపలా ఇమాము వల్ల కూడా కాదు.

"ఏం వదినా, చిక్కిపోయావు? మా నీళ్ళు తాగి కూడా ఒళ్ళు చెయ్యట్లేదా?" అంది ఇవాళ.

"నీ మొహం చూసి తాగుతున్నాగా, ఎక్కడ వంటబడతాయి?" అన్నాను.

నవ్వింది కానీ నవ్వు నిలవలేదు. చంకలో మనవరాలు పూర్ణ. రెండేళ్ళది, చూస్తే ఏడాది పిల్లలా ఉంటుంది. దాని తల్లి పోయినేడు గాలి పోయినప్పుడు చనిపోయిన ఇద్దరిలో ఒకత్తి. నాంచారమ్మకి ఇంక ఈ పిల్ల తప్ప ఎవరూ లేరు. పెరుగు తింటున్నా కడుపు నిలవట్లేదట. "ఏం పెట్టినా అలాగే బయటికి పోతోంది వదినా. నాకు భయమేస్తోంది" అంది. పూర్ణ బుగ్గ పట్టుకుని లాగాను. లాగడానికి బుగ్గ ఉంటేగా.

నమోదు 9

మా సదాశివం వచ్చి వెళ్ళాడు. సదా నా తమ్ముడు. అమ్మ పోయాక ఈ చేతుల్తోనే పెంచాను. ఇప్పుడు భద్రతా పరిషత్తులో పెద్దమనిషి. బయట అందరికీ "అయ్యగారు". నాకు మాత్రం ఎప్పుడూ చీమిడి ముక్కు సదాయే. ఆదివారం భోజనానికి వస్తాడు, ఆఖర్న పెరుగన్నం కలుపుకుని గిన్నె నాకి మరీ లేస్తాడు. ఆ విషయంలో ఏ పరిషత్తూ వాణ్ణి మార్చలేదు.

ఇవాళ మటుకు ఆదివారం కాదు. చేతిలో మూతబిగించిన చిన్న క్యాను.

"అక్కా, ఇది కొత్త తోడు. మన పరిశోధనశాల వాళ్ళు తయారుచేశారు. పాతదానికంటే మూడింతలు బలం. ముఖ్యంగా చంటిపిల్లలకి. కడుపు నిలవని పిల్లలకి ఇది వేసిన పెరుగు పెడితే వారంలో నయమవుతుంది."

"మరింకేం, రేపే అందరికీ పంచుతా" అన్నాను.

"వద్దు. పరీక్షలు అయ్యాక పరిషత్తు చెప్తుంది. అప్పటిదాకా నువ్వు కూడా రుచి చూడకు. చల్లగూట్లో పెట్టి తాళం వెయ్యి." అని, క్యాను నా చేతిలో పెట్టి, "ముఖ్యంగా ఎగువూరికి ఒక్క చుక్క వెళ్ళకూడదు. ఇది దేశ భద్రత, అక్కా. నిన్ను నమ్మి పెడుతున్నా" అన్నాడు.

సరే అన్నాను. వాడు వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "నాంచారమ్మ వదిన మనవరాలికి ఎలా ఉంది?" అని అడిగాడు. నా పిచ్చి ప్రాణానికి అప్పుడెంత సంతోషమేసిందో! ఎంత పెద్దవాడయినా చిన్నప్పుడు ఎత్తుకున్నవాళ్ళని మర్చిపోలేదు కదా అనుకున్నాను.

నమోదు 11

తొట్టెలు బాగున్నాయి. నేనే బాగాలేను.

ఆ క్యాను చల్లగూట్లో ఉంది. తాళం నా కొంగున ఉంది. ఇవాళ సంతలో నాంచారమ్మ తోడు అడిగింది. వాళ్ళది పులుపెక్కిపోయిందట. మామూలుది ఇచ్చాను. పూర్ణని ఎత్తుకురాలేదు, లేవలేకపోతోందట. "పడుకోబెట్టి వచ్చా వదినా, పక్కింటావిడ చూస్తోంది" అంది. ఆ మాట అన్నప్పుడు దాని మొహం చూశాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా, తినలేకపోయాను.

దేశ భద్రతట. రెండేళ్ళ పిల్ల కడుపు నిలిస్తే ఏ దేశం కూలిపోతుందో నాకు ఎవరైనా చెప్పండి.

నమోదు 18

ఇచ్చేశాను.

ఈ గోడకి కాబట్టి చెప్తున్నా. ఎవరూ వినరన్నారుగా. మా అమ్మ గిన్నె ఉంది, అంచు సొట్టపోయిన స్టీలుది, దానిమీద అమ్మ పేరు చెక్కి ఉంటుంది, సుబ్బాయమ్మ అని. క్యానులోంచి నాలుగు చెంచాలు అందులో తీసి, పైన పాతపెరుగు మీగడ కప్పి సంతకి పట్టుకెళ్ళాను. ఇమాము చూసి "తోడేనా అమ్మా?" అన్నాడు, పక్కకి తప్పుకున్నాడు. ఎప్పుడూ అంతే. ఇన్నేళ్ళలో ప్రభుత్వం మాట నేను జవదాటింది లేదు.

"వదినా, ఇది వేరేది. పూర్ణకి పెట్టు. ఎక్కడిదని అడక్కు" అన్నాను. నాంచారమ్మ అడగలేదు. గిన్నె పుచ్చుకుని నా చెయ్యి వదల్లేదు, అంతే.

సదా, నాయనా, నన్ను తిట్టుకో. నీ నమ్మకం వమ్ము చేశాను. ఆదివారం నీకు కందిపొడి చేసి పెడతాలే.

నమోదు 25

పూర్ణ లేచింది! నడిమిగదికి నడుచుకుంటూ వచ్చింది, నాంచారమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని. అరుగు మీద కూర్చోబెడితే నా ముక్కుపుడక పీకబోయింది. ఇద్దరం ఏడ్చాం, ఇమాము "ఏమైందమ్మా, ఏమైంది?" అని కంగారు పడ్డాడు.

గిన్నెలో గోంగూర పచ్చడి పెట్టి పంపింది నాంచారమ్మ. అంత గోంగూర అక్కడా దొరకదు. ఏ పెరట్లో దొంగిలించిందో అడగలేదు.

"మా వీధంతా నన్నే అడుగుతోంది వదినా, ఈ పెరుగేంటి ఇంత గడ్డగా ఉందని. అడిగితే లేదనలేం కదా. అందరికీ ఇచ్చా. పై వీధివాళ్ళూ పట్టుకెళ్ళారు" అంది.

ఒక్క పిల్లకని ఇస్తే ఊరు మొత్తానికి వెళ్ళిపోయింది. సదాకి తెలిస్తే? కానీ నాంచారమ్మ చేసిందాంట్లో తప్పేముంది? నేనైనా అంతే చేసేదాన్ని. తోడు దాచుకుని తినే మనిషిని ఎక్కడైనా చూశామా? పోనీలే, వాళ్ళ పిల్లలూ పిల్లలే. బలపడనీ.

నమోదు 41

నాంచారమ్మ మొన్న సంతలో గిన్నె నిండా పెరుగే పెట్టి పంపింది. "నీ తోడుతో నేను పెట్టింది వదినా. తిని చూడు. పెరుగు తోడెయ్యడం నీకంటే నాకే బాగా వచ్చని ఒప్పుకో" అని. ఒప్పుకోక చస్తానా. కత్తితో కోస్తే ముక్క వచ్చేలా ఉంది. సదా రుచి చూడొద్దన్న మాట గుర్తొచ్చింది. ఎగువూరంతా రెండు వారాలుగా తింటోంది, పిల్లలు లేచి తిరుగుతున్నారు, ఇంకా నాకు పరీక్షలేంటి? పొద్దున్న, మధ్యాహ్నం నేనూ లాగించాను.

సగం ఉంచాను. రేపు ఆదివారం. వాడు వద్దన్నదే వాడి చేత తినిపించి, గిన్నె నాకాక అప్పుడు చెప్తా. కాసేపు అరుస్తాడు. అరిస్తే అరిచాడులే, వాడికి నేను అక్కని.

నమోదు 42

వరసలో చెప్తాను.

వచ్చాడు. కందిపొడి, నెయ్యి వేసుకుని తిన్నాడు. పులుసు తిన్నాడు. పెరుగు వేశాను. కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అబ్బ, ఏంటక్కా ఇవాళ పెరుగు!" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఆగి చెబుదామనుకున్నదాన్ని అప్పుడే అనేశాను. "నాంచారమ్మ పంపిందిరా, అమ్మ గిన్నెలో."

వాడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. లేచాడు. అన్నం ముందునుంచి మధ్యలో లేవడం వాడి జన్మలో లేదు. దొడ్లోకి పరిగెత్తి గొంతులో వేలు పెట్టుకుని కక్కుకున్నాడు. నీళ్ళు పుక్కిలించి మళ్ళీ కక్కుకున్నాడు. నేను చెంబు పట్టుకుని వెనకాల నిలబడ్డాను, ఏమైందిరా, ఏమైందిరా అంటూ.

"నువ్వు తిన్నావా?" అన్నాడు. "ఎన్నిసార్లు? చెప్పు!"

"రెండుసార్లు తిన్నాను. ఏం?"

"నిన్ను రుచి కూడా చూడొద్దన్నానా లేదా? గిన్నెలో అదే పెరుగు తిరిగొస్తుందని మాకెవరికీ తట్టలేదు" అన్నాడు. నాతో కాదు, తనలో తను.

అప్పుడు నాకు కొంచెం కొంచెం అర్థమవడం మొదలైంది. వాడి జుట్టు పట్టుకున్నాను. నిజంగానే పట్టుకున్నాను, చిన్నప్పుడు బలపం మింగినప్పుడు పట్టుకున్నట్టే. "ఏం కలిపారురా అందులో?"

చెప్పాడు. కూర్చుని, తల దించుకుని, మెల్లగా చెప్పాడు. ఆ తోడు మొదట్లో మందులా పనిచేస్తుందట. మూడు, నాలుగు వారాలు. ఈలోపు కడుపులో ఉన్న పాత మంచి క్రిములన్నిటినీ తినేస్తుంది. తర్వాత అదీ చచ్చిపోతుంది. కడుపు ఉత్తిదైపోతుంది, ఏం తిన్నా ఒంటికి పట్టదు.

"ఎవరూ చావరక్కా. నీరసపడతారు, అంతే. పాత తోడుతో పెరుగు మళ్ళీ మొదలుపెడితే కోలుకుంటారు. కానీ ఊరంతా కొత్తదానికి మారిపోయింది, వాళ్ళ దగ్గర పాతది మిగల్లేదు. మన దగ్గరికి రావాల్సిందే. మంచు వాళ్ళ చేతిలో ఉంది. ఎప్పుడు నీళ్ళు కట్టేస్తారో అని మనం ప్రతిరోజూ భయపడుతూ బతకాలా? మన చేతిలో కూడా ఏదో ఒకటి ఉండాలి. తోడు మన దగ్గర, మంచు వాళ్ళ దగ్గర. అప్పుడే సమానం. అదే భద్రత."

"వాళ్ళు ఎప్పుడైనా నీళ్ళు ఆపారా?"

"ఆపగలరు."

"ఆపారా అంటున్నా!"

మాట్లాడలేదు.

"పిల్లలో?" అన్నాను. "నీరసపడతారన్నావు. రెండేళ్ళ పిల్ల ఎన్నాళ్ళు నీరసపడుతుంది?"

కంచం అవతలికి తోశాడు. అప్పుడు అడిగాను, నాకు తెలియాల్సింది. "ఎగువూరికి చుక్క వెళ్ళకూడదని నువ్వే కదరా అన్నావు. నేను ఇవ్వకపోయుంటే?"

వాడు నా కళ్ళలోకి చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. "నువ్వు ఇస్తావని నాకు తెలుసక్కా. మేమే ఇస్తే వాళ్ళు అనుమానిస్తారు. పరీక్షిస్తారు. నువ్వు దొంగతనంగా ఇస్తే అనుమానించరు. పరిషత్తులో అందరూ సందేహించారు, ఆవిడ నిబంధన దాటని మనిషి కదా అని. నేనే చెప్పాను. మా అక్క నాకు తెలుసు, వద్దని చెప్తే తప్పకుండా ఇస్తుంది, ఆ పిల్ల కోసం ఇస్తుంది అని." ఈ గోడ వైపు చూపించాడు. "ఊరంతా పాకిందని విన్నాక ఇంక వినడం మానేశాం కానీ, నువ్వు ఇచ్చేశానని చెప్పిన రోజు పరిషత్తులో అందరం కూర్చుని విన్నాం. చప్పట్లు కొట్టారు."

చప్పట్లు కొట్టారట.

నేను ఏడుస్తూ, వణుకుతూ, తమ్ముడికి ద్రోహం చేశానే అని కుమిలిపోతూ చెప్పుకున్న మాటలకి చప్పట్లు కొట్టారు. నాలో ఏదైనా మంచి ఉందంటే అది అడిగినవాళ్ళకి లేదనలేకపోవడం. దాన్ని వాడు ఎత్తుకెళ్ళి పరిషత్తు బల్ల మీద పెట్టి బేరం చేశాడు. ఇంకోడు చేసుంటే శత్రువు అని ఊరుకునేదాన్ని. ఈ చేతుల్తో ముద్దలు కలిపి పెట్టాను కదరా నీకు!

"ఎవరికైనా చెప్పావంటే ఎగువూరు గొట్టం కట్టేస్తుంది. మన పిల్లలు దాహంతో చస్తారు. అందుకని నువ్వు చెప్పవు. నిన్ను నాకు తెలుసు" అన్నాడు వెళ్ళేటప్పుడు. గుమ్మం దాటుతూ అలవాటు కొద్దీ "తలుపు భద్రం" అన్నాడు. నేను భద్రం అనలేదు.

నమోదు 43

తొట్టెలు బాగున్నాయి. పాలు బాగున్నాయి.

నమోదు 45

తొట్టెలు బాగున్నాయి.

నమోదు 46

సదా, వింటున్నావుగా. నిన్నా మొన్నా తొట్టెలు బాగున్నాయి అని చెప్తే అక్క దారికొచ్చింది అనుకునుంటావు. ఇప్పుడు ఇది విను. మొత్తం అయిపోయాక చెప్తున్నాను, నువ్వు పరిగెత్తుకొచ్చినా చేసేదేం లేదు.

పొద్దున్న సంతకి వెళ్ళాను. అమ్మ గిన్నెలో పాత తోడు నిండా పెట్టుకుని వెళ్ళాను. మన ఇళ్ళన్నిట్లో ఉన్నదే, అమ్మ తోడెయ్యగా వచ్చినదే. ఇమాము "తోడేనా అమ్మా?" అన్నాడు. "తోడే" అన్నాను. పక్కకి తప్పుకున్నాడు. ఆ పద్ధతి వల్లే కదా నీ విషం వెళ్ళింది. దీన్నీ వెళ్ళనిచ్చింది.

నాంచారమ్మ ఒక్కత్తే వచ్చింది. కళ్ళ కింద గుంటలు పడ్డాయి. "మళ్ళీ మొదలైంది వదినా పూర్ణకి. ఈసారి ఇంకా ఎక్కువగా ఉంది. మా వీధిలో పెద్దవాళ్ళు కూడా మంచాలు దిగట్లేదు. ఏదో గాలి సోకిందంటున్నారు" అంది.

మీ లౌడుస్పీకరు పుణ్యమా అని పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకి వినపడదు. దాని చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చెప్పేశాను. క్యాను సంగతి, నీ సంగతి, చప్పట్ల సంగతి. ఏదీ దాచలేదు. చెప్తున్నంతసేపూ అది కదల్లేదు.

అయిపోయాక గిన్నె ముందుకు తోశాను. "ఇది పాతది వదినా. మా అమ్మ తోడు. మీ అమ్మా ఇదే వేసేది. ఇవాళే మొదలుపెట్టు, పూర్ణ కోలుకుంటుంది."

గిన్నె వంక చూసింది కానీ చెయ్యి ఎత్తలేదు. "కిందటిసారి కూడా నువ్వే ఇచ్చావు" అంది.

"నాకు తెలీదు వదినా. నా మీద ఒట్టు, నాకు తెలీదు."

"తెలీదులే. నమ్ముతున్నా. నాకదే భయంగా ఉంది. తెలిసి చేసుంటే నీ మొహంలో నేను కనిపెట్టేదాన్ని. ఇప్పుడు కూడా నీకు తెలీకుండా ఇందులో ఏముందో నేనెలా చెప్పగలను?"

నేను చెంచా తీసి, దాని ఎదురుగా తిన్నాను. మళ్ళీ తిన్నాను. మూడోది తీస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆపు. అదీ తిన్నావుగా నువ్వు, గడ్డ పెరుగు, తెలీకుండా. నువ్వు తింటే నాకేం తెలుస్తుంది?"

నిజమే. ఇన్నేళ్ళుగా ఆ అరుగు మీద మేం గిన్నెలు మార్చుకుంటే మధ్యలో ఏ పెట్టే అవసరం లేకపోయింది. ఇప్పుడు ఏ పెట్టె పెట్టినా చాలదు. నువ్వు తెచ్చిన భద్రత ఇదిరా.

తర్వాత గిన్నె తీసుకుంది. పూర్ణకి ఇంకో దారి లేదు కాబట్టి తీసుకుంది, నేనిచ్చానని కాదు. అది నాకు తెలుసు, దానికీ తెలుసు.

"మావాళ్ళతో చెప్పను" అంది. "చెప్తే ఇవాళే గొట్టం కట్టేస్తారు, మీ పిల్లలు నీళ్ళు లేక చస్తారు. నా వీధంతా నా దగ్గర్నించే ఆ పెరుగు పట్టుకెళ్ళింది. అది పాడైపోయిందని చెప్పి ఇది ఇస్తా. నేనిస్తే పుచ్చుకుంటారు." గిన్నెకి మూత పెడుతూ, "ఇదంతా నీ కోసం కాదు వదినా" అంది.

సదా, నువ్విది ఆపాలంటే ఎగువూరికి కబురు పంపి, ఆ గిన్నె తోడు వాడొద్దు అని చెప్పాలి. ఎందుకు వద్దో కూడా చెప్పాలి. అప్పుడు గొట్టం కట్టించింది నువ్వే అవుతావు. అందుకని నువ్వు చెప్పవు. నిన్ను నాకు తెలుసు.

ఎవర్ని పంపిస్తావో పంపించు. తలుపు తీసే ఉంది. ఈ ఆదివారం నీకు అన్నం వండను. ఇక ఏ ఆదివారమూ వండను. నిన్ను చంపుకుందామన్నంత కోపం వచ్చి పోయింది, ఇప్పుడది కూడా లేదు. నీరసంగా ఉంది. అది నీ పెరుగు వల్లనో, నీ వల్లనో తెలీడం లేదు.

ఇంకొక్కటి ఉంది. నడిమిగది మూసే ముందు ఇమాము వచ్చి గిన్నె ఇచ్చాడు. "నాంచారమ్మగారు వేరే గిన్నెలోకి వంపుకుని ఇది మీకిచ్చెయ్యమన్నారు" అన్నాడు. శుభ్రంగా తోమి ఉంది. మూత తీసి చూశాను. గోంగూర లేదు. ఉప్పు లేదు. అడుగున తడి తప్ప ఏమీ లేదు. నాకు జ్ఞానం వచ్చిన దగ్గర్నించీ ఆ గిన్నె అటునుంచి అలా రాలేదు. ఇమాము కూడా గిన్నెలోకి చూసి, "మర్చిపోయుంటారమ్మా" అన్నాడు.

నా మాటలన్నీ విన్నావు. ఇది కూడా విను. ఈ చెవికి దగ్గరగా పట్టుకుని చెంచాతో కొడుతున్నాను. అమ్మ గిన్నె, సదా. ఏమీ లేదు అందులో.